కాంపౌండర్ బాపు కరెంటు రోజులు

మా కాంపౌండర్ బాపు పోయి నిన్నటికి పదమూడు రోజులు. ఆ రోజు పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి వెళ్ళే తొందరలో టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాను. మా గల్లీ ఆటో భాయ్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ హారన్ కొట్టి పిలిచే మనిషి ఆ రోజు చెప్పులు విడిచి, తలుపు మీద రెండు వేళ్ళతో మెల్లగా తట్టాడు. "అక్కా, చాచా పోయిండు," అన్నాడు. మూత కూడా బిగించకుండా డబ్బా అక్కడే పెట్టి ఎదురింటికి నడిచాను.

హుస్సేనీ ఆలంలో మా గల్లీ ఎంత ఇరుకంటే, మా ఇంట్లో మిరపకాయలు తాలింపు వేస్తే వాళ్ళింట్లో తుమ్ముతారు. ఆ తుమ్ములు విని పెరిగినదాన్ని నేను, పెళ్ళయ్యాకా ఇక్కడే ఉన్నదాన్ని. బాపు నాకు చుట్టం కాదు. ఆయన్ని బాపు అని, ఆయన భార్యను పెద్దమ్మ అని పిలవడం ఎప్పుడు మొదలైందో కూడా నాకు గుర్తులేదు. ఆయన గురించి రాయాలని కూర్చుంటే ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. కానీ ముందు నవ్వే వస్తోంది. అది ఆయన తప్పే.

మా గల్లీ మొదట్లో ఒక డాక్టరుగారి దవాఖానా ఉండేది. బాపు అందులో దాదాపు నలభై ఏళ్ళు కాంపౌండర్. డాక్టరుగారు పోయి దవాఖానా మూతపడ్డాక కూడా, ఎవరైనా మందుల చీటీ పట్టుకుని వస్తే ఇంటికి వెళ్ళి సూది వేసి వచ్చేవాడు, పుండ్లకు కట్లు కట్టేవాడు. మా గల్లీలో ముప్పై దాటిన ఎవరినడిగినా ఆయన సూది తిన్న కథ ఒకటి చెబుతారు. నా కథ నాకు తొమ్మిదేళ్ళప్పటిది. టైఫాయిడ్ వచ్చింది, రోజుకు రెండు సూదులు. రెండో రోజు ఆయన గొంతు వినగానే మేడ మీదికి పారిపోయి నీళ్ళ ట్యాంకు వెనక దాక్కున్నాను. ఆయన పైకి వచ్చాడు. లాగలేదు, కేకలేయలేదు. ట్యాంకు పక్కన కూర్చుని, నొప్పి ఉంటుందని, ఒక్క నిమిషమే ఉంటుందని చెప్పాడు. నేను ఆయన చెయ్యి కొరికాను. అప్పుడు కూడా కోపం తెచ్చుకోలేదు.

"ఏడిస్తే ఏడువు బిడ్డా, గని చెయ్యి కదిలియ్యకు," అన్నాడు.

నొప్పి ఉండదని అబద్ధం చెప్పని సూది మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను. నా పెళ్ళిలో మా ఆయన్ని పక్కకు పిలిచి, బొటనవేలి కింద ఆ పంటి గాటు చూపించి, జాగ్రత్తగా ఉండమని చెప్పాడు.

ఇంతమందికి సూదులు వేసిన మనిషికి సూదంటే భయమని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మూడేళ్ళ కింద ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. మూడు నెలలకొకసారి ఒక ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఆ రోజు పొద్దున్నుంచీ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట. నర్సు సిరంజి తీయగానే కళ్ళు గట్టిగా మూసుకుని, పెద్దమ్మ కొంగు పట్టుకునేవాడట. ఈ సంగతి పెద్దమ్మే గల్లీ అంతా చెప్పింది. వినడానికి జనం కూడా బాగానే వచ్చారు.

నిరుడు ఎండాకాలం మొదట్లో ఆయన కుంటడం మొదలుపెట్టాడు. అడిగితే వాయువు అన్నాడు. తుంటికి, నడుముకు ఏదో నూనె రాసుకునేవాడు, తనకు తెలిసిన మాత్రలు వేసుకునేవాడు. ఆ రోజుల్లోనే వాళ్ళ కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమె అత్తవారిది కార్వాన్. పెళ్ళయిన పదేళ్ళకు పుట్టిన పాప. ఇంట్లో ఆ సంతోషంలో ఈయన కుంటు ఎవరికీ పట్టలేదు. ఆయనకు కావలసిందీ అదే. పాపకు ఇరవై రోజులప్పుడు, ఒక పొద్దున నేల మీద కూర్చుని టీ తాగిన మనిషి లేవలేకపోయాడు. నేనూ ఆటో భాయీ చెరో వైపు పట్టి లేపాం. అరవలేదు కానీ ఆయన పెదవి మీద పంటి గుర్తు పడింది. ఆ రోజు ఇక వాయువు మాట ఎత్తలేదు.

స్కాన్‌లో క్యాన్సర్ తుంటి ఎముకలోకి, నడుము ఎముకల్లోకి పాకిందని తెలిసింది. క్యాన్సర్ ఆస్పత్రి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పది రోజులు రేడియేషన్ ఇస్తే నొప్పి తగ్గే అవకాశం బాగా ఉందని, ఎముక విరగకుండా కొంత కాపాడుకోవచ్చని, అయితే దానితో జబ్బు పూర్తిగా పోదని. బాపు అన్నీ విని, ఇంటికి వచ్చి, వద్దన్నాడు.

మా వైపు రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. ఆయన దవాఖానాలో పనిచేసిన కాలంలో కరెంటు పెట్టించుకుని కాలిన చర్మంతో కట్లకు వచ్చిన మనుషుల్ని చూశాడట. అవి పాత రోజులని, ఇప్పటి మెషిన్లు వేరని కూతురు చెప్పి చూసింది. పెద్దమ్మ అన్నం మానేసి చూసింది. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఎముకలల్లకు పోయినంక ఇగ ఏం జేస్తరు బిడ్డా. నాకెందుకు గీ లొల్లి," అన్నాడు.

భయమవుతుందా అని అడిగాను. అవుతుందన్నట్టు తలూపాడు. అప్పుడు నా నోటికి వచ్చింది ఆయన మాటే. "ఏడిస్తే ఏడువు బాపూ, గని కదలకు," అన్నాను. ఆయన భుజాలు ఊగాయి. ఏడుస్తున్నాడనుకుని కంగారు పడి ముందుకు వంగి చూస్తే, నవ్వుతున్నాడు. నవ్వితే నడుము నొప్పి, నొప్పికి మూలుగు, ఆ మూలుగు మీద మళ్ళీ నవ్వు. చివరికి, ఆ టైఫాయిడ్ అప్పుడే నాకు ఇంకో రెండు సూదులు ఎక్కువ వేసి ఉండాల్సిందని అన్నాడు. మర్నాడు వెళ్ళడానికి ఒప్పుకున్నాడు.

కూతురు బాలింత, పెద్దమ్మకు ఇల్లు. నాకేమో వేసవి సెలవులు. అందుకని ఆ రెండు వారాలూ ఆయనతో వెళ్ళే పని నాదయింది. ఆటో భాయ్ పొద్దున ఏడున్నరకే వాళ్ళ గుమ్మానికి ఆటో ఆనించి నిలబెట్టేవాడు. అఫ్జల్‌గంజ్ మీదుగా వెళితే దగ్గర. కానీ మొదటి రోజు అటువైపు వెళ్ళినప్పుడు ప్రతి గుంతకూ బాపు కమ్మీని గట్టిగా పట్టుకోవడం అద్దంలో చూశాడు. ఆ సాయంత్రం ఒక్కడే ఆటో వేసుకుని తిరిగి, పురానాపూల్ దాటి కార్వాన్ మీదుగా ఇంకో దారి చూసుకుని వచ్చాడు. రెండు మైళ్ళు చుట్టు, కానీ స్పీడ్ బ్రేకర్లు తక్కువ. ఉన్న నాలుగింటి దగ్గరా ముందే "చాచా, ఆగయా," అని, వచ్చేసిందని హెచ్చరించి, నీళ్ళ మీద పడవలా దాటించేవాడు. వెనక నుంచి బండ్లవాళ్ళు హారన్లు కొడితే తల బయటపెట్టి దక్ఖినీలో వాళ్ళకు ఏదో సమాధానం చెప్పేవాడు. బాపు అది విననట్టు, నేను అర్థం కానట్టు కూర్చునేవాళ్ళం.

రేడియేషన్‌కు ముందు ఒక రోజు కొలతలు తీశారు. స్కాన్ చేసి, ఎక్కడ కిరణాలు పడాలో చూసి, నడుము మీద, తుంటి పక్కన రంగుతో గీతలు గీశారు. పది రోజులూ ఆ గీతలు చెరగకూడదు, అక్కడ సబ్బు రుద్దకూడదు, అడగకుండా ఏదీ రాయకూడదు అని చెప్పింది అక్కడి టెక్నీషియన్ అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది మార్కర్ పెన్ను అని చూసి బాపు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటిదాకా సూది అనుకున్నాడట.

మొదటి సిట్టింగు రోజు లోపలికి వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకున్నాడు. నన్ను కూడా లోపల కూర్చోనివ్వమని అడిగాడు. కుదరదని, కెమెరాలో చూస్తూనే ఉంటామని, మైకులో మాట్లాడవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. ఆ గది తలుపు మందంగా, బరువుగా ఉంటుంది, మూసుకోవడానికే చాలాసేపు పడుతుంది. ఆ సందులోంచి ఆయన తల ఎత్తి నావైపు చూడటం, ఆ అమ్మాయి మెల్లగా తల దించి పడుకోబెట్టడం కనిపించింది. తర్వాత తలుపు మూసుకుంది.

పావుగంటలో బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బెంచీ మీద కూర్చుని, చొక్కా గుండీలు పెట్టుకుని, అప్పుడు చెప్పాడు.

"ఏడ్సిన బిడ్డా. గని కదల్లే."

టెక్నీషియన్ అమ్మాయి కూడా అదే చెప్పింది, అంత కదలకుండా పడుకునేవాళ్ళు అరుదని. ఆ మెప్పు ఆయన ఇంటికి వెళ్ళేదాకా మూడుసార్లు చెప్పుకున్నాడు. ఆయనకు ఒక్కటే అసంతృప్తి. మెషిన్ చుట్టూ తిరిగింది, ఏదో గుర్రుమంది, కానీ ఒంటికి ఏమీ తెలియలేదు. సూది అయితే నొప్పి పుట్టి అయిపోయిందని తెలుస్తుంది, దీన్ని ఎట్లా నమ్మేది అని దారంతా అడుగుతూనే ఉన్నాడు.

రెండో రోజు సాయంత్రానికి నొప్పి తగ్గకపోగా పెరిగింది. ఇక రానంటే రానని మంచం కమ్మీ పట్టుకున్నాడు. మొదట్లో కొందరికి ఇట్లా రెండు మూడు రోజులు నొప్పి ఎక్కువవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పి మాత్ర రాసిచ్చింది. అది విన్నది నేను, ఆయన వినలేదు. డాక్టరమ్మ గదిలో ఆయన చూపంతా టేబుల్ మీది ట్రే మీదే ఉండింది, అందులో సిరంజి ఉందేమోనని. నేను ఆ మాట చెబితే మాత్ర వేసుకుని మర్నాడు వచ్చాడు, రెండు రోజులకు కొంచెం సర్దుకున్నాడు. తర్వాత వికారం, రెండు రోజులు విరేచనాలు. పెద్దమ్మ పలచటి జావ, మజ్జిగ ఇస్తూ ఉండేది. ఇంటికి రాగానే పడుకుంటే నాలుగింటికి గానీ లేచేవాడు కాదు. ఇంత అలసట ఏమిటని ఫికర్ చేసేవాడు. ఆస్పత్రిలో అడిగితే అదీ మామూలేనన్నారు, నిద్ర వస్తే పడుకోమన్నారు. మామూలే అన్న మాట వింటే ఆయనకు సగం అలసట తగ్గేది.

కానీ ఆ మొదటి వారంలో ఆయన్ని నిజంగా బాధపెట్టింది నొప్పి కాదు. చూడవచ్చిన చుట్టం ఒకామె, కరెంటు పెట్టించుకున్న మనిషి ఒంట్లో అది ఉంటుందని, పసిపిల్ల దగ్గరికి రానివ్వద్దని పెద్దమ్మ చెవిలో వేసి పోయింది. ఆ రోజు నుంచి బాపు గ్లాసు వేరయింది, పళ్ళెం వేరయింది. కూతురు పాపను తీసుకుని కార్వాన్ వెళ్ళిపోదామా అని ఆలోచనలో పడింది. ఎవరూ ఆయనతో ఏమీ అనలేదు. ఆయనే తన మంచం ముందు గదిలోకి వేయించుకున్నాడు. పాప ఏడిస్తే లేచి, గోడ పట్టుకుని, గడప ఇవతల నిలబడి చూసి వెనక్కి వచ్చేవాడు.

ఇంత వైద్యం తెలిసిన మనిషి అది నమ్ముతున్నాడా అని నాకు కోపం వచ్చింది. తన కాలంలో ఇది లేదని, తనకు తెలియని దాంట్లో పిల్లను పెట్టనని అన్నాడు. డాక్టరమ్మను అడగమంటే మాట దాటేశాడు. అడిగితే నిజమేనంటుందేమోనని ఆయన భయం.

నాలుగో రోజు నేనే అడిగాను, ఆయన పక్కన ఉండగానే. డాక్టరమ్మ నాతో కాదు, ఆయనతో చెప్పింది.

"మెషిన్ ఆగగానే మీ ఒంట్లో ఏమీ మిగలదండీ. పాపను ఎత్తుకోండి, ముద్దు పెట్టుకోండి. కాకపోతే మీ తుంటి ఎముక బలహీనంగా ఉంది, నిలబడి ఎత్తుకోవద్దు. కూర్చుని ఎత్తుకోండి."

ఆ రోజు ఆటోలో ఆయన కమ్మీ పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. భాయ్ ఎప్పటిలా మెల్లగా నడుపుతుంటే, ఇల్లు ఇంకా రాలేదా అన్నట్టు బయటికి చూస్తూ ఉన్నాడు. ఇంట్లోకి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, లోపలి గదిలో మంచం మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు. పెద్దమ్మ నావైపు చూసింది. డాక్టరమ్మ మాట చెప్పాను. కూతురు పాపను ఆయన ఒళ్ళో పెట్టి, తను పక్కనే కూర్చుని ఆయన భుజానికి తల ఆనించింది. పాప ఒక్క నిమిషం కళ్ళు చిట్లించి చూసి, ఆయన ఉతికిన పంచె మీద తడి చేసింది.

"మీ అందరికన్న దీనికే ధైర్యమున్నది," అన్నాడు బాపు.

ఆ సాయంత్రం పెద్దమ్మ వేరు పెట్టిన గ్లాసు తీసి మిగతావాటిలో కలిపేసింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. తప్పు చేశానన్న బాధతో ఆదివారం ఆయనకు తలంటు పోసింది. నలభై ఏళ్ళలో ఎన్నడూ రుద్దనంత శ్రద్ధగా వీపు రుద్దింది. సోమవారం చొక్కా ఎత్తేసరికి గీతలు సగం లేవు. టెక్నీషియన్ అమ్మాయి తల పట్టుకుంది. పాత కొలతలు చూసి మళ్ళీ గీయడానికి గంట పట్టింది. బాపు మాత్రం బెంచీ మీద ఎదురుచూస్తున్న వాళ్ళందరికీ తన భార్య ప్రేమ గురించి వివరంగా చెప్పి నవ్వించాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునే ఒక పెద్దాయన కూడా ఆ రోజు కండువా తీసి నవ్వాడు. శని, ఆదివారాలు అక్కడ సెలవు. కిరణాలకు కూడా వారానికి రెండు రోజులు సెలవున్నప్పుడు తనకు నలభై ఏళ్ళు ఒక్క ఆదివారమే ఎందుకిచ్చారో చనిపోయిన డాక్టరుగారిని పైకి వెళ్ళాక అడుగుతానన్నాడు.

పదో రోజు అయిపోయాక ఆ అమ్మాయికి ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఇచ్చాడు. ఆమె వద్దంటే, బిస్కెట్లు తినడానికి చీటీ అవసరం లేదన్నాడు.

నొప్పి ఎప్పుడు పోయిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పది రోజులు అయిపోయినా ఉంది. ఇంకో వారం ఉంది. ఆయన మొహం చూసి నాకే భయం వేసేది, అనవసరంగా తిప్పామేమోనని. బళ్ళు తెరిచిన మొదటి వారంలో ఒక రోజు, నేను ఇంటికి వస్తుంటే బాపు గల్లీ మొదట్లోని హోటల్ ముందు నిలబడి, సాసర్‌లో చాయ్ పోసుకుని తాగుతున్నాడు. చేతికర్ర గోడకు ఆనించి ఉంది. నన్ను చూసి సాసర్ దాచబోయాడు, పెద్దమ్మకు చెప్తానేమోనని. అంతదూరం నడిచానని ఆయనకు అప్పటిదాకా తట్టలేదట. తుంటి మీద చెయ్యి వేసి చూసుకుని, నావైపు చూసి, "ఏంది బిడ్డా, నొయ్యనే నొస్తలేదు," అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆయన ఇంకో చాయ్ చెప్పాడు.

అక్కడి నుంచి ఏడు నెలలు మంచి రోజులు. పాపకు టీకాలు వేయించడానికి తాతే ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. వేలమందికి సూది వేసిన మనిషి, ఆ చిన్న తొడ మీదికి సూది వచ్చేసరికి మొహం తిప్పుకుని గోడ మీది క్యాలెండర్ చూసేవాడు. పక్క గల్లీలో ఒక దర్జీ భార్యకు కూడా ఎముకలకు రేడియేషన్ అన్నారని తెలిసి, పిలవకుండానే కర్ర పట్టుకుని వెళ్ళాడు. వదులు నూలు బట్టలు కట్టుకోమని, మొదట్లో నొప్పి పెరిగితే బెదిరిపోవద్దని, పిల్లల్ని దూరం పెట్టవద్దని చెప్పాడు. కాళ్ళు మొద్దుబారినా, మూత్రం ఆగినా మాత్రం మర్నాటికి వాయిదా వేయకుండా ఆస్పత్రికి పరుగెత్తమని రెండుసార్లు చెప్పాడట. ఆమె భయమవుతోందంటే, కాదనలేదట. తను ఏడ్చానని చెప్పాడట. ఆ మాట విన్నాకే ఆమె వెళ్ళిందని దర్జీ, బాపు పోయిన రోజు వాళ్ళింటి ముందు నిలబడి చెప్పాడు.

చలికాలంలో జబ్బు భుజం ఎముకకు వచ్చింది. ఈసారి ఒక్క రోజే రేడియేషన్ ఇచ్చారు, నొప్పి తగ్గింది. కానీ మనిషి తగ్గుతూ వచ్చాడు. ఇంకో మందు మాట ఎత్తినప్పుడు, చేసింది చాలని, ఇంట్లో ఉంటానని, నొప్పి లేకుండా చూస్తే అదే మస్తు అని డాక్టరమ్మకు చెప్పాడు. ఆమె ఆ మాట నిలబెట్టింది.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, బడి నుంచి వచ్చి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి దుప్పటి మీద పడుతోంది. ఎక్కువగా నిద్రలోనే ఉంటున్నాడని పెద్దమ్మ చెప్పింది. పక్కన కూర్చుని ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. కాసేపటికి ఆ చెయ్యి మెల్లగా కదిలింది. నా పట్టులోంచి జారి, తిరిగి, మూడు వేళ్ళు నా మణికట్టు మీద నాడి దగ్గర ఆనుకున్నాయి. బాపు కళ్ళు తెరిచి గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"గింత తొందరగ కొట్టుకుంటుంది. మెట్లెక్కి వచ్చినవా?" అన్నాడు.

వాళ్ళింటికి రావడానికి ఒక్క మెట్టు కూడా లేదు. అవునన్నాను. కాసేపు కూర్చోమన్నాడు. కళ్ళు గడియారం ముల్లు మీదే ఉన్నాయి. శబ్దం లేకుండా పెదవులు కదులుతున్నాయి, ఒక్కో అంకె తప్పకుండా.